కల్లు, కడుపుతో ఉన్న తల్లి, ఆమె రక్తం రిపోర్టు

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆవిడకు అయిదో నెల, మందస కొండల దిగువన పుట్టింట్లో ఉంది. రోజూ సాయంత్రం రెండు గ్లాసుల జీలుగు కల్లు తాగుతోంది. మీరు వద్దంటే మీ అత్తగారు "ఒంటికి చలవ. మాం తాగలేదేటి, మా గుంటలు బతకలేదేటి" అంటున్నారు. పలాస తీసుకెళ్లి రక్తం పరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 9.2, ఎంసీవీ 86, పరగడుపు షుగర్ 54, కాలేయం పరీక్షలు జీజీటీ 74, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 29; యూరిక్ యాసిడ్ 5.8, ట్రైగ్లిజరైడ్స్ 280, క్రియాటినిన్ 0.9. "రక్తం తక్కువ, మిగతాది పెద్దగా ఏం లేదు" అన్నారట. మీరడిగింది ఒకటే: కల్లు వల్ల తల్లి రక్తంలో నిజంగా ఏమైనా మారుతుందా, మారితే ఈ రిపోర్టులో ఎందుకు కనబడలేదు?

కనబడింది బాబూ. ఆ కాగితంలో కుడిపక్క అచ్చేసిన "నార్మల్ రేంజ్" కడుపుతో ఉన్న మనిషిది కాదు, మామూలు మనిషిది. అందుకే మీకు ఎవరూ చెప్పలేదు.

నేను డాక్టర్ని కాను. విజయనగరంలో 31 ఏళ్లు ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. గర్భిణుల రక్తం ఎన్ని వేల ట్యూబులు చూశానో లెక్కలేదు. మందు రాయడం నా పని కాదు, రాయను. ఆ అంకెలు ఎందుకలా ఉన్నాయో మాత్రం చెప్పగలను. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏమడగాలో మీకు తెలుస్తుంది.

ముందు ఆ రెండు గ్లాసుల సంగతి. తెల్లారగట్ల చెట్టు దించిన కల్లు తియ్యగా ఉంటుంది. కానీ కుండలో పాత పులుపు ఉంటుంది కదా, చెట్టు మీదుండగానే పులవడం మొదలైపోతుంది. కుండ లోపల సున్నం పూస్తేనే అది నీరాగా నిలుస్తుంది, మనవైపు తాగేది అది కాదు. సాయంత్రానికి అందులో సుమారు నాలుగు శాతం ఆల్కహాల్ అనుకుందాం. ఇంకా ఎక్కువే ఉండొచ్చు. రెండు గ్లాసులు అరలీటరు అనుకుంటే 20 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే 16 గ్రాములకు కాస్త అటూఇటూ. 50 కిలోల మనిషి ఖాళీ కడుపున ఒక్కసారే తాగితే 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల పైచిలుకు చేరుతుంది. రోడ్డు మీద పోలీసులు ఊదించినప్పుడు 30 దాటితే కేసు. ఒళ్లు తూలదు, మాట తడబడదు, అందుకే ఇంట్లో "ఏటీ అవలేదు కదా" అంటారు. ఆ 50 దిగిపోవడానికి మాత్రం మూడు నాలుగు గంటలు పడుతుంది.

ఆ గంటలన్నీ బిడ్డ కూడా తాగుతున్నట్టే. మాయ చాలా వాటిని ఆపుతుంది కానీ ఆల్కహాల్‌ని ఆపదు. అది మరీ చిన్న అణువు, నీళ్లున్న చోటికల్లా పోతుంది. గంట తిరిగేసరికి తల్లి రక్తంలో ఎంతుందో బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. తల్లికి దాన్ని విరిచే కాలేయం ఉంది, లోపలున్న బిడ్డ కాలేయానికి ఇంకా ఆ శక్తి రాలేదు. బిడ్డ మూత్రంలోంచి ఉమ్మనీటిలోకి పోతుంది, ఆ ఉమ్మనీటినే బిడ్డ మళ్లీ మింగుతుంది. తల్లి రక్తంలో అయిపోయాక కూడా ఉమ్మనీటిలో కొంతసేపు మిగిలే ఉంటుంది.

ఇప్పుడు మీరడిగిన రక్తం సంగతి. ముందు షుగర్ 54.

కాలేయం ఆల్కహాల్‌ని రెండు మెట్లలో విరుస్తుంది. ముందు ఎసిటాల్డిహైడ్, తర్వాత ఎసిటేట్. రెండు మెట్లకూ ఎన్‌ఏడీ అనే సహాయక పదార్థం కావాలి, అది బండిలాంటిది. సిరిమాను నాడు చూడండి, జిల్లాలో ఉన్న ఆటోలన్నీ విజయనగరం వైపే. ఆ పూట ఊళ్లో ఎవరికైనా ఆసుపత్రికి పోవాలంటే బండి దొరకదు. ఆల్కహాల్ వచ్చిన రాత్రి కాలేయంలోనూ అదే పరిస్థితి. ఎన్‌ఏడీ అంతా దాని పనికే పోయి, సరుకెక్కిన బళ్లలా ఎన్‌ఏడీహెచ్‌గా మారి నిలబడిపోతుంది.

అలా నిలబడిపోతే ఆగే పనుల్లో మొదటిది కొత్త చక్కెర తయారీ. మనం తినని వేళల్లో రక్తంలో చక్కెర పడిపోకుండా కాలేయమే కొత్తగా తయారుచేస్తుంది. దానికి కావాల్సిన పైరువేట్ అంతా లాక్టేట్‌గా మారిపోతుంది. కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర, అదే గ్లైకోజెన్, కొన్ని గంటల్లో ఖర్చయిపోతుంది. సరిగా తినే మనిషికి ఇబ్బంది తెలియదు. కానీ కడుపుతో ఉన్న మనిషి శరీరం అప్పటికే వేరు. బిడ్డ రాత్రీ పగలూ చక్కెర లాగుతుంది కాబట్టి పరగడుపు షుగర్ మామూలు కంటే పది నుంచి ఇరవై తక్కువే ఉంటుంది, ఉపవాస లక్షణాలు ఆమెకు మామూలు మనిషి కంటే తొందరగా వస్తాయి. దాని మీద సాయంత్రం కల్లు, "ఆకలి లేదు" అని రాత్రి రెండు ముద్దలు, పొద్దున్న పది గంటల దాకా ఏమీ లేకపోవడం. 54 అలాగే వస్తుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రక్తం ఎందులో తీశారో అడగండి. షుగర్‌కి బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబు వాడాలి. మామూలు ట్యూబులో తీసి ఊళ్లోంచి పట్నం పంపిస్తే, దారిలో రక్తకణాలే గంటకు అయిదారు శాతం చొప్పున చక్కెర తినేస్తాయి. మూడు గంటలైతే నిజంగా 64 ఉన్నది 54గా మీ చేతికి రావచ్చు. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి భయపడకండి, మళ్లీ సరిగ్గా చేయించండి. అయినా 64 కూడా నాకు నచ్చే అంకె కాదు.

ఈ షుగర్ సంగతి ఇంత సాగదీయడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక తెల్లవారుజామున కొండమీది ఊరి నుంచి ఇరవై ఏళ్ల పిల్లను తెచ్చారు. ఏడో నెల. రెండు రోజుల నుంచి వాంతులు, ఊళ్లో సంబరం, తిండి లేదు, సారా పట్టారు. మంచం మీద ఆయాసపడుతోంది, లోతుగా, గట్టిగా. వేలి చివర రక్తం తీసి చూస్తే షుగర్ 38. చక్కెర చాలక ఒళ్లు కొవ్వుని కరిగించినప్పుడు కీటోన్లనే ఆమ్లాలు పుడతాయి, అవి చూడటానికి మూత్రంలో కీటోన్ స్ట్రిప్పు ముంచాను. లేత గులాబి రంగు, అంతే. "ట్రేస్" అని రాశాను. ఆ ఒక్క మాట మీద ఆమెది మామూలు నీరసం అనుకున్నారు. ఇంకో చోటికి పంపాక అక్కడ రక్తంలో ఆమ్లం చూస్తే ఒళ్లంతా కీటోన్లే.

స్ట్రిప్పు అబద్ధం చెప్పలేదు. అది చూసేది ఎసిటో ఎసిటేట్‌ని మాత్రమే. ఆల్కహాల్ తాగిన మనిషిలో ఎన్‌ఏడీహెచ్ పేరుకుపోయి ఉంటుంది కాబట్టి ఆ ఎసిటో ఎసిటేట్ చాలావరకు బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌గా మారిపోతుంది. అది స్ట్రిప్పుకు కనబడదు. గర్భిణికి ఇది ఇంకా ప్రమాదం. గర్భంలో ఊపిరి ఎక్కువ తీయడం వల్ల రక్తంలో బైకార్బొనేట్ ముందే తగ్గి 18 నుంచి 22 మధ్య ఉంటుంది, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నిల్వే తక్కువ. ఆ పిల్లకు సెలైన్, ముందు బి1 ఇంజెక్షన్, ఆ తర్వాత గ్లూకోజు పెట్టి నిలబెట్టారు. బి1 ముందు ఎందుకంటే, తాగుడు వల్ల అది శరీరంలో అడుగంటి ఉంటుంది, అప్పుడు గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతింటుంది. ఆ రోజు నుంచి గర్భిణికి వాంతులూ, తాగుడూ, ఆయాసమూ కలిసి కనబడితే స్ట్రిప్పు ఎలా ఉన్నా రక్తంలో కీటోన్లు, బైకార్బొనేట్ చూడమని నేనే నోరు తెరిచి అడిగేదాన్ని. మీ ఆవిడకు ఎప్పుడైనా వాంతులై ఆయాసం మొదలైతే 108కి ఫోన్ చేయండి, "సాయంత్రం కల్లు తాగింది" అని మొదటి మాటగా చెప్పండి.

మిగతావి కొంచెం తొందరగా చెబుతాను.

ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలోని కొవ్వు, నెలలు నిండేకొద్దీ గర్భంలో రెండు మూడింతలవుతాయి, అది మామూలే. అయితే ఆ సరుకెక్కిన బళ్ల వల్లే కాలేయం కొవ్వుని కాల్చడం కూడా మానేసి రక్తంలోకి వదులుతుంది. కొన్ని శాంపిళ్లు సెంట్రిఫ్యూజులో తిప్పి తీస్తే పైన తేరాల్సిన పసుపు సీరం గంజిలా తెల్లగా ఉండేది. తాగుడు ఉందా అని నెమ్మదిగా అడిగితే కొందరి విషయంలో ఉండేది, కొందరికి థైరాయిడో షుగరో. 280 ఒక్కటీ పట్టుకుని నేనేమీ అనను.

యూరిక్ యాసిడ్ అలా వదిలేయలేం. ఆల్కహాల్ వల్ల పెరిగిన లాక్టేట్ మూత్రపిండాల్లో యూరిక్ యాసిడ్‌కి అడ్డం నిలబడి బయటికి పోనివ్వదు. మధ్య నెలల్లో అది మామూలుగా 5 లోపే ఉండాలి. గర్భంలో బీపీ పెరిగి గుర్రపువాతం (ఫిట్స్) దాకా పోయే జబ్బులోనూ ఇదే అంకె పెరుగుతుంది. కల్లు వల్ల పెరిగిందా, ఆ జబ్బు తొలి గుర్తా అని డాక్టరు తేల్చుకోవాలంటే కల్లు సంగతి తెలియాలి, బీపీ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ చూడాలి.

ఇంకో మాట. మీది మందస, అంటే కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం. కిడ్నీల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. క్రియాటినిన్ 0.9 పక్కన "నార్మల్" అని ఉంది కదా? గర్భంలో మూత్రపిండాలు ఎక్కువ పనిచేస్తాయి, క్రియాటినిన్ 0.5, 0.6 దగ్గరికి దిగాలి. అయిదో నెలలో 0.9 అంటే నార్మల్ కాదు, మళ్లీ చూడాల్సిన అంకె. ఇది కల్లు వల్ల అని నేననడం లేదు. కానీ కల్లు మూత్రం ఎక్కువ పోయేలా చేసి ఒంట్లో నీళ్లు తగ్గిస్తుంది, ఎండల్లో మరీ. "చలవ" అనుకునే దానివల్ల జరిగేది అది.

ఇప్పుడు జీజీటీ. మీ కాగితం మొత్తంలో నా కళ్లు ముందు పడింది దానిమీదే. గర్భంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైము మాయలోంచి కూడా వస్తుంది కాబట్టి పెరుగుతుంది, అది చూసి ఎవరూ కంగారుపడరు. జీజీటీ మాత్రం గర్భం వల్ల పెరగదు. కాస్త తగ్గినా తగ్గుతుంది. 74 అంటే దానికి వేరే కారణం ఉండి తీరాలి. రోజూ ఆల్కహాల్ ఒక కారణం, పైత్యరసం నిలిచిపోవడం ఒకటి, ఫిట్స్ మందులు ఇంకొకటి. ఆవిడకు అరచేతులు, అరికాళ్లు దురదలున్నాయా అడగండి, ఉంటే డాక్టరుకు చెప్పాలి. లేకపోతే కల్లు మీదే అనుమానం. ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీ కంటే ఎక్కువ ఉండడం కూడా అటే చూపిస్తోంది. ఇంకో సంగతి, కాలేయం ఇలా ఉన్నప్పుడు జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ పారాసిటమాల్ సొంతంగా మింగనివ్వకండి. రోజూ తాగేవాళ్లలో అది మామూలు కంటే ఎక్కువ విషంగా విరుగుతుంది.

ఎంసీవీ 86 అంటే ఎర్రకణం సైజు. చూడటానికి చక్కగా ఉంది. నన్నడిగితే ఈ కాగితంలో అసలు విషయం దాచేసింది ఇదే. ఐరన్ లేక హిమోగ్లోబిన్ 9.2కి పడిపోయిన మనిషికి కణాలు చిన్నవై ఎంసీవీ 70ల్లోకి రావాలి. ఆల్కహాల్, ఫోలేట్ లోటు కణాల్ని పెద్దవి చేస్తాయి. ఒకటి కిందికి లాగుతుంది, ఇంకొకటి పైకి లాగుతుంది, సగటు చక్కగా మధ్యలో పడుతుంది. మైక్రోస్కోపు కింద స్లయిడ్ పెడితే మోసం పోతుంది. ఒక పక్క నడుమ తెల్లబోయిన చిన్న కణాలు, వాటి పక్కనే గుడ్డులా సాగిన పెద్ద కణాలు. ఒకే చెరువులో రెండు రకాల చేపల్లా ఉంటాయి. మీ రిపోర్టులోనే ఆర్‌డీడబ్ల్యూ అని, కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, అది 15 పైన ఉందేమో చూడండి. ఉంటే స్మియర్, అంటే ఆ స్లయిడ్, చూడమని అడగండి. మన ఏజెన్సీ వైపు సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు కూడా ఉంది, అదీ ఒకసారి చూపించేయడం మంచిది.

ఆవిడ ఐరన్ ఫోలిక్ మాత్రలు వేసుకుంటోంది కదా అంటారేమో. మానకూడదు. కానీ కల్లు తాగుతూ వేసుకుంటే ఫోలేట్ పేగులో సరిగా ఎక్కదు, కాలేయం నిల్వ పెట్టుకోలేదు, మూత్రంలో ఇంకా ఎక్కువ పోతుంది. మూడు చోట్లా నష్టమే. జింక్, మెగ్నీషియం కూడా మూత్రంలో పోతాయి. ఆ జింక్, ఆ ఫోలేట్ బిడ్డ కణాలు విభజన చెందడానికి కావాల్సినవి. అందుకే తల్లి రక్తం వేరు, బిడ్డ వేరు అని నేను రెండు జవాబులు ఇవ్వలేకపోతున్నాను.

మీ అత్తగారి మాటకు వస్తాను. ఆవిణ్ని తప్పుపట్టకండి. తాగిన తల్లులందరి బిడ్డలకూ ముఖంలో తేడా రాదు, అందరూ బతకకుండానూ పోరు. 1973లో అమెరికాలో జోన్స్, స్మిత్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ బిడ్డల లక్షణాలన్నీ ఒక చోట చేర్చి పేరు పెట్టేదాకా పెద్ద చదువులు చదివిన వాళ్లకే స్పష్టత లేదు. అంతకు అయిదేళ్ల ముందు ఫ్రాన్సులో ఒకాయన రాస్తే ఎవరూ పట్టించుకోలేదు. ముఖం బాగానే ఉండి, బడిలో లెక్క ఎక్కక, ఒక్కచోట కూర్చోలేక ఇబ్బంది పడే పిల్లలే ఎక్కువ. దాన్ని అయిదో నెలలో తాగిన కల్లుతో ముడిపెట్టి ఏ అమ్మమ్మ ఆలోచిస్తుంది? ఇంత వరకు తాగితే పరవాలేదు అని చెప్పగలిగే గీత ఎవరూ గీయలేకపోయారు, అందుకే డాక్టర్లు చుక్క కూడా వద్దంటారు.

ఆవిడతో ఇలా అనండి: "అత్తా, మీరు తాగిన రోజుల సంగతి నాకొద్దు. ఈ అమ్మాయి రక్తంలో పంచదార పడిపోతోంది, కాయితం చూడు." చలవ కావాలంటే చోడి (రాగి) అంబలి ఉంది, మజ్జిగ ఉంది, కొబ్బరి నీళ్లకు ఉద్దానంలో కరువా! తరవాణి (పులియబెట్టిన గంజి) కూడా పులుస్తుంది కదా అని మీరు రాశారు. దాని పులుపు ప్రధానంగా లాక్టిక్ యాసిడ్‌ది, పెరుగు పులిసినట్టు. కల్లుతో ఒకే గాటన కట్టకండి. శుభ్రమైన కుండ, రోజూ మార్చిన గంజి అయితే చాలు. సారా మాత్రం ఎవరు తెచ్చినా ఇంట్లోకి రానివ్వొద్దు, అందులో మిథనాల్ పడితే అది ఫార్మిక్ యాసిడ్‌గా మారి కళ్లూ ప్రాణమూ రెండూ తీస్తుంది.

రోజుకు రెండు గ్లాసులే అయితే ఈ రోజే మానేయొచ్చు. అసలు లెక్క అంతకన్నా ఎక్కువని తేలితే, మానిన రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం కనబడితే ఇంట్లో ఉంచకండి, ఆసుపత్రిలో ఉంచి మాన్పించాలి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, గర్భిణికి వచ్చే ఫిట్స్‌ని గుర్రపువాతం అనుకుని పొరబడే ప్రమాదం కూడా ఉంది. మాట్లాడటానికి మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అమ్మాయిని ఎవరూ తిట్టొద్దు. తిడితే దాచుకుని తాగుతుంది, అప్పుడు మీకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా చూస్తారు, వచ్చే 9కి తీసుకెళ్లండి. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌కు ఇదే సరైన నెల, రాయించుకోండి. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి తినిపించండి, చోడి జావయినా సరే. జీజీటీ రక్తంలోంచి దిగడానికి వారాలు పడుతుంది, కాబట్టి కల్లు మానిన అయిదారు వారాలకు మళ్లీ చేయించండి. నిజంగా మానితే అది సగానికి రావాలి. ఎంసీవీ అంత తొందరగా కదలదు, ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది. షుగర్‌కి బూడిదరంగు మూత ట్యూబు అని మీరే నోరు తెరిచి అడగండి. క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ మాత్రం అయిదు వారాలు ఆగొద్దు, ఈ 9నే బీపీతో పాటు చూపించేయండి.

రిపోర్టు వచ్చాక ఆర్‌డీడబ్ల్యూ కూడా కలిపి మళ్లీ రాయండి. పాతది పక్కన పెట్టుకుని చూస్తాను.